రాయికి రాయికి నడుమ

మొదలు విన్నది నేను కాదు.
కరీమాబాదుల మా అద్దె రూముల
పక్క మంచం మీద పండే అత్తకూతురు సుభాషిణి.
"అర్ధరాత్రి ఎవరో వేయించిన శెనగలు నములుతున్నరనుకున్న,
లైటేస్తే నువ్వే" అన్నది.

దవడకు మాత్రం ముందే తెలుసు.
పొద్దున లేస్తే చెవి కింద రాయి కట్టినట్టు,
మక్కగారె కొరికితే కణతదాకా పాకే సలుపు.

చిన్నమ్మ నులిపురుగులన్నది.
వాయువిడంగాలు నూరి పెడతనన్నది.
ముప్పై ఎనిమిదేండ్ల కడుపుల ఏం పురుగులుంటయని అడిగితే
"ఉంటయి లేవే" అని వేరే ముచ్చట తీసింది.

హన్మకొండ చౌరస్తాల, బట్టలషాపు మీద రెండో అంతస్తు.
డాక్టరమ్మ నా నోట్లె గులాబిరంగు ముద్ద పెట్టి
కదలకుండ్రి అన్నది.
ముక్కుతోని ఊపిరి తీసుకుంట
గోడమీది క్యాలెండర్ల ఆదివారాలు లెక్కపెట్టిన.
వారానికి, సుద్దతోని పోసిన నా పండ్లే
నా అరచేతుల పెట్టింది.
కోరపండ్లకు మొనలు లేవు.
సాన మీద అరగదీసిన పసుపుకొమ్ముల లెక్క.
"దినమంతా ఏం పనమ్మా మీది?"

ఏం పని.
చెవులకు తగిలించుకునే ఫోను. కరెంటాఫీసు.
వర్ధన్నపేటల తీగ తెగితే నేనే తెంపినట్టు,
నర్సంపేటల మోటరు కాలితే నేనే అగ్గి పెట్టినట్టు
తిడతరు.
అమ్మను, అక్కను, నేను పుట్టిన గడియను.
తిట్టు అయిపోయేదాక ఆగి
"అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అనాలె.
ఆ వాక్యం లామినేషన్ చేసి నా టేబులుకు అతికిచ్చిన్రు.
దాని కింద ఇంకో వాక్యమున్నది, ఎవరికీ కనపడది.
దాన్ని రాత్రిపూట నములుత.

డాక్టరమ్మకు ఇదంతా చెప్పలే.
"ఫోన్లెత్తుత" అన్న.

నైట్‌గార్డు ఆరువేలు.
నీలిరంగు డబ్బీల లేగదూడ డెక్కంత, అద్దం లెక్క.
వేడినీళ్ల కడుగొద్దు, వంకరపోతది.
ఎండకు పెట్టొద్దు.
కుక్కకు అందేటట్టు పెట్టొద్దు
(ఈ ఆఖరుది ఎందుకు చెప్పిందో ఆమెనే అడగాలె).

మొదటి రాత్రి అది వేరేవాళ్ల నోరు.
ఉమ్మి మింగుడు కొత్తగ నేర్చుకున్న.
తలుపు గడియ పెట్టినవా అంటే
ఒప్ఫ్, ఒప్ఫ్ అని చేతులూపిన.
సుభాషిణి దుప్పటి నోట్లె కుక్కుకొని నవ్వింది.

మృగశిరకు ముందటి గాలివాన.
నైట్ డ్యూటీ. తెర మీద నలభైమూడు కాల్లు వరుసల నిలబడ్డయి.
పరకాల దిక్కు ఊరు, ముసలి గొంతు:
"గిర్ని ఓదెలంటరు బిడ్డా నన్ను.
కరెంటు పోయింది, పోతే పోనీ.
వచ్చేటప్పుడు ఒక మాట చెప్పి రమ్మను.
మొన్న నేను బువ్వ తినబోయిన, స్విచ్చు ఆపుడు మరిచిన.
వచ్చి చూస్తె ఉట్టి గిర్ని తిరుగుతాంది.
నడుమ గింజ లేకపోతే
రాయి రాయినే తింటది బిడ్డా.
జొన్నలు తినాల్సిన రాయి."

నా నాలుక పోయి కోరపండు మొండి మొనను తడిమింది.
లామినేషన్ వాక్యం చదవలే.
"మళ్ల కక్కు కొట్టిచ్చినవా తాతా?" అని అడిగిన.
"కొట్టేటోడేడి? భూపాలపల్లికెల్లి పిలిపిచ్చిన.
వాని పోరగాండ్లకు ఆ పని రాదట."
ఐదు నిమిషాల పదిహేను సెకన్లు.
వెనుక నలభైరెండు కాల్లు మోగుతున్నయి.
రికార్డయింది. సదానందం సారు పిలుస్తడు. పిలవనీ.

ఆరునెలలకు గార్డును కిటికీ వెలుగుకు పట్టి చూసిన.
అంతా గీతలు, గుంటలు, కుడిదిక్కు సన్నటి పగులు.
"చూసిన్రా, ఇవన్ని మీ పండ్లకు పడాల్సినయి"
డాక్టరమ్మ మస్తు సంతోషపడ్డది.
ఎడమన లోతు గాటు నర్సంపేట మోటరాయనది,
గుర్తుపట్టిన.
దాని పక్కది సదానందం సారు.
ఒకటి మాత్రం ఎవరిదో ఎంతకూ యాదికి రాలే.

నూరుడు ఆగలే. ఆగుతదని ఎవరూ చెప్పనూ లే.
పదకొండుకు డబ్బీ మూత తీసి
నడుమ ఇంత గింజ పోసుకుంట.
సుభాషిణి చెవులల్ల దూది ఇంకా పెట్టుకుంటది.
ఇప్పుడు శెనగలు కాదంట,
తడిసిన రబ్బరు చెప్పులంట.